మనకు వర్తించని చట్టం: ఆడబిడ్డ భూమి వాటా వెనక చరిత్ర



మన గ్రూపుల్లో తరచూ ఒక ప్రశ్న వస్తుంటుంది. "నాన్న చనిపోయాడు, పట్టా నాన్న పేరు మీదే ఉంది, అక్కలకు వాటా ఉంటుందా?" అని. కింద వెంటనే జవాబులు పడతాయి. కొందరు "2005లోనే ఆడపిల్లలకు సమాన వాటా వచ్చింది కదా" అంటారు. ఇంకొందరు "మన ఆచారంలో ఆడపిల్లకు భూమి ఇవ్వరు, అంతే" అని తేల్చేస్తారు. ఇద్దరూ ధీమాగానే చెప్తారు. కానీ మొదటి జవాబు మన చట్టం గురించి కాదు. రెండో జవాబు కోర్టులో నిలబడుతుందన్న నమ్మకం లేదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. పోస్టు పొడుగే. ఈ సమస్య ఎవరి ఇంటికి ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఓపికగా చదవండి.

ఒక్క వాక్యం

1956 హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 2 ఉంది. అందులో రెండో ఉపసెక్షన్ మన గురించి. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి వేరేగా చెబితే తప్ప, ఈ చట్టంలోని ఏ మాటా షెడ్యూల్డ్ తెగల వాళ్లకు వర్తించదు అని దాని సారాంశం. 1955 హిందూ వివాహ చట్టంలోనూ ఇలాంటి వాక్యమే ఉంది.

ఈ ఒక్క వాక్యం వల్ల ఏం జరిగిందో చూడండి. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్రం ఇలాంటి హక్కునే పెళ్లయిన కూతుళ్లతో సహా దేశమంతటికీ ఇచ్చింది. ఊళ్లలో "ఎన్టీఆర్ ఆడపిల్లలకు ఆస్తి ఇచ్చాడు" అని అందరూ చెప్పుకుంటారు, మనమూ చెప్పుకుంటాం. కానీ ఆ సవరణలన్నీ ఆ చట్టం లోపల జరిగినవే. మనం ఆ చట్టం గడప అవతల ఉన్నాం. లోపల ఎన్ని గదులు కట్టినా మనకు చోటు దొరకలేదు.

తెలంగాణ లంబాడీల సంగతి ఇంకా చిత్రం. ఆంధ్ర ప్రాంతంలో వాళ్లు ముందు నుంచీ ఎస్టీలే. తెలంగాణలో మాత్రం 1976 నాటి సవరణ చట్టంతోనే జాబితాలోకి వచ్చారు. అంటే చట్టం లెక్కలో అంతకు ముందు తండాలోని ఆడబిడ్డ హిందూ వారసత్వ చట్టం కింద తండ్రి ఆస్తిలో వారసురాలు. ఆ తర్వాత ఆ చట్టం ఆమెకు తలుపు మూసింది. రిజర్వేషన్ గొడవను ఇక్కడికి తేవద్దు, ఈ పోస్టు దాని గురించి కాదు. జాబితాలో ఒక పేరు చేరితే ఇంట్లో ఆడపిల్ల వాటా లెక్క కూడా మారిపోతుంది అన్నది మాత్రం గమనించాలి.

మరి గడప బయట ఉన్న మనకు ఏ చట్టం వర్తిస్తుంది? "మీ ఆచారం" అంది ప్రభుత్వం. ఆ ఆచారం ఏమిటి, ఎక్కడ రాసి ఉంది, ఎవరు చెప్పాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

భూమి పంచుకునే వస్తువు కాని కాలం

మన తాతల కాలంలో చాలా తెగల్లో పోడే బతుకు. ఒక కొండవాలును రెండు మూడేళ్లు కొట్టి సాగు చేసి, బలం తగ్గగానే వదిలి ఇంకో వాలుకు పోయేవాళ్లు. వదిలిన నేలలో మళ్లీ అడవి మొలిచేది. అలాంటి చోట నాలుగు మూలలా రాళ్లు పాతి "ఇది నాది, నా తర్వాత నా కొడుకుది" అనే మాటకు పెద్దగా పని ఉండేది కాదు. పంచుకోవడానికి ఉన్నవి పశువులు, వెండి నగలు, ఇత్తడి పాత్రలు, ధాన్యం. తాటిచెట్టు, జీలుగు చెట్టు లాంటివాటికి ఫలానా ఇంటివాళ్లవి అనే లెక్క ఉండేది. నేల మాత్రం ఊరిది, గోత్రానిది, వేల్పుది.

కోయల్లో గట్లు, గోండుల్లో సగలు ఉన్న సంగతి మనకు తెలుసు. పెళ్లయిన ఆడబిడ్డ అత్తింటి వేల్పు కిందికి వెళ్తుంది. ఊరి నేల ఆ ఊరి గోత్రాల చేతిలోనే ఉండాలి కాబట్టి సాగు కొడుకుల దగ్గరే ఉండిపోయేది. అయితే ఆ ఆచారంలో ఇంకో సగం కూడా ఉంది. భర్త పోయిన ఆడమనిషిని ఇంట్లోంచి గెంటేసేవాళ్లు కాదు. మరిదితో మారుమనువుకు దారి ఉండేది. కొడుకులు లేని ఇంట్లో ఇల్లరికం అల్లుడు వచ్చి కూతురితో పాటు ఆ భూమినే చేసుకునేవాడు. పెళ్లి చెడి పుట్టింటికి తిరిగొచ్చిన కూతురు ఆకలితో ఉండకుండా అన్నదమ్ములు చూడాల్సిందే. కొడుక్కి భూమి ఇవ్వడం, ఆడబిడ్డ బతుకు బాధ్యత తీసుకోవడం రెండూ కలిపితేనే ఆచారం. ఇప్పుడు మనం మొదటి సగాన్ని గట్టిగా గుర్తు పెట్టుకుని రెండో సగాన్ని మర్చిపోయాం.

ఎందుకు మర్చిపోయాం? మధ్యలో పట్టా వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆ తర్వాతి ఏళ్లలో గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు ఇవ్వడం మొదలైంది. ఆ పట్టాలు పోరాడి సాధించుకున్నవి, అందులో సందేహం లేదు. కానీ పట్టా కాగితంలో ఒక ఇంటి నుంచి ఒక పేరే రాసేవాళ్లు. అది మామూలుగా మగవాడి పేరు. భార్య కూడా అదే చేలో కలుపు తీసింది, కోత కోసింది, కానీ కాగితం మీద లేదు. ఆచారంలో "ఈ ఇంటిది" అనుకున్న నేల కాగితంలో "ఈయనది" అయింది. ఆయన పోయాక "ఈయన కొడుకుది" అయింది. ఇవాళ మనం అనాది ఆచారం అని చెప్పుకునేదానిలో ఎంత భాగం తాతలది, ఎంత భాగం రెవెన్యూ రికార్డుది అన్నది ఒక్కసారి ఆలోచించాలి.

పక్కవాళ్ల శాస్త్రాలు

మిగతా సమాజాల సంగతీ చూద్దాం. హిందువులకు మితాక్షర ఉంది. కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరము' పేరుతో తెలుగులోకి తెచ్చాడు. ఆ పద్ధతిలో ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులది, మనవళ్లది. కూతురికి స్త్రీధనమే. ముస్లింలకు ఖురాన్‌లోనే వాటాలు చెప్పారు. కొడుక్కి రెండు భాగాలైతే కూతురికి ఒక భాగం. సగమే అయినా భాగం ఉంది. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం. అందులో కొడుకు, కూతురు అన్న తేడా లేదు.

బ్రిటిష్ వాళ్లు ఈ శాస్త్రాలను కోర్టుల్లోకి తెచ్చినా ఆచారానికి చోటు ఉంచారు. 1868లో రామనాథపురం జమీందారీ కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒక సూత్రం చెప్పింది. ఆచారం స్పష్టంగా రుజువైతే అది శాస్త్రంలో రాసిన మాట కన్నా బరువైనదని. రుజువు అన్న మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది. 1913లో బీహార్, ఒడిశా ప్రాంతంలో ముండా, ఒరావ్, సంతాల్, హో లాంటి తెగలను అప్పటి భారత వారసత్వ చట్టం నుంచి నోటిఫికేషన్‌తో మినహాయించారు. అంటే చర్చికి వెళ్లే ముండా కుటుంబానికి కూడా భూమి విషయంలో తెగ ఆచారమే. మతం మారినా భూమి కట్టుబాటు మారలేదు.

1956లో మనల్ని బయట ఉంచిన ఆ వాక్యం కూడా ఈ దారిలో వచ్చిందే. తెగల ఆచారం జోలికి పోవద్దన్న ఆలోచన అది. దాన్ని కుట్ర అనలేం. కానీ హిందూ స్త్రీకి రాసిన చట్టం దొరికింది, ముస్లిం స్త్రీకి, క్రైస్తవ స్త్రీకి దొరికింది. మన అక్కచెల్లెళ్లకు మాత్రం రాయని ఆచారం మిగిలింది.

ఆచారం అంటే కొడుకేనా?

"ఆదివాసీ ఆచారంలో ఆడవాళ్లకు భూమి లేదు" అని ఎవరైనా అంటే, ఏ ఆదివాసీ అని అడగాలి. మేఘాలయలో ఖాసీలు షెడ్యూల్డ్ తెగే. అక్కడ వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. పూర్వీకుల ఇల్లు, ఆస్తి చిన్న కూతురి దగ్గర ఉంటాయి. ఆమెను ఖద్దూ అంటారు. ఆమె ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి కాదు, ఆ ఇంటికి కాపలాదారుగా. ముసలి తల్లిదండ్రులను, ఇంటి పూజలను చూసుకునే బాధ్యత కూడా ఆమెదే. మేనమామల మాటకూ బరువు ఉంటుంది.

ఇంకా ఆశ్చర్యం లక్షద్వీప్. అక్కడి స్థానికులు ముస్లింలు, షెడ్యూల్డ్ తెగ కూడా. అక్కడ తల్లి వైపు తరవాడు ఉమ్మడి ఆస్తిని శుక్రవారం ఆస్తి అంటారు. అది ఆడవాళ్ల వంశంలోనే దిగుతుంది. సొంతంగా సంపాదించుకున్నది సోమవారం ఆస్తి. అది ఇస్లాం పద్ధతిలో పంచుకుంటారు. ఒకే ఇంట్లో మత ధర్మం, తెగ ఆచారం రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. కొట్లాడుకోకుండా ఏ ఆస్తికి ఏది అని వాళ్లు ముందే తేల్చుకున్నారు.

మనం ఖాసీల్లా మారాలని ఎవరూ చెప్పట్లేదు. ఆచారం అంటే ఒకటే అచ్చు కాదని తెలిస్తే చాలు.

చోటానాగ్‌పుర్ నుంచి ఢిల్లీ దాకా

ఈ ప్రశ్న మొదటిసారి పెద్ద ఎత్తున సుప్రీంకోర్టుకు వెళ్లింది 1982లో. 'మానుషి' పత్రిక సంపాదకురాలు మధు కిశ్వర్, సింగ్‌భూమ్‌కు చెందిన హో తెగ మహిళలు పిటిషన్ వేశారు. 1908 చోటానాగ్‌పుర్ కౌలు చట్టంలో 7, 8 సెక్షన్లు ఊరిని నాటిన కుటుంబాల భూమి హక్కును మగ వారసుల వరుసలోనే చెప్పాయి. తర్వాత ఒక ఒరావ్ క్రైస్తవ మహిళ కూడా పిటిషన్ వేసింది. కేసు నడుస్తుండగా బీహార్ గిరిజన సలహా సంఘంలో ఈ మాట చర్చకు వచ్చింది. కూతుళ్లకు హక్కు ఇస్తే భూమి బయటివాళ్ల చేతిలోకి పోతుందని, అశాంతి రేగుతుందని వాళ్లు ఒప్పుకోలేదు.

1996 ఏప్రిల్ 17న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ సెక్షన్లను కొట్టేయలేదు. ఒక్క దెబ్బతో తెగల ఆచారాలను తీసేస్తే గందరగోళం వస్తుందన్నారు. కానీ ఒక అడ్డుకట్ట వేశారు. భూమి మీదే ఆధారపడి బతికే భార్య, కూతురు, తల్లి ఆ భూమిలో ఉన్నంత కాలం వాళ్లను తీసేయకూడదు, అప్పటిదాకా మగ వారసుడి హక్కు ఆగి ఉంటుంది, ఎందుకంటే జీవనాధారం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం. జాగ్రత్తగా చూస్తే, మనం మర్చిపోయిన ఆచారంలోని రెండో సగాన్నే కోర్టు తిరిగి గుర్తు చేసింది.

మూడో జడ్జి ఇంకా ముందుకు వెళ్లారు. ఆయన మన భీమవరంలో పుట్టిన జస్టిస్ కె. రామస్వామి. ఆదివాసీ కూతురికి కొడుకుతో సమానంగా వాటా రావాలని, ఆమె ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు అన్నదమ్ములకే ఇవ్వజూపాలని రాశారు. ఆ అభిప్రాయం మైనారిటీగా మిగిలిపోయింది.

ఆ మరుసటి ఏడాది, 1997 జూలై 11న, ఇదే రామస్వామి గారు సమతా తీర్పు రాశారు. విశాఖ ఏజెన్సీ గనుల కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి కిందే లెక్క, ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకు ఇవ్వడానికి వీల్లేదు అన్న తీర్పు. సమతా తీర్పు పేరు మన సభల్లో ఎన్నిసార్లు చెప్పుకుంటామో! అదే జడ్జి ఏడాది ముందు మన ఆడబిడ్డల గురించి రాసింది మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? భూమి బయటికి పోకూడదు, లోపల ఆడబిడ్డకు అన్యాయం జరగకూడదు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి రాశాడు. వాటి మధ్య వైరం ఆయనకు కనబడలేదు.

హిందువునని రుజువు చేసుకో, వాటా తీసుకో

మధ్యలో ఇంకో దారి వచ్చింది. అది మనకు ప్రమాదం. 2000లో లబీశ్వర్ మాంఝీ కేసులో ఒక సంతాల్ కుటుంబం ఆచారాలు, కర్మలు అన్నీ హిందూ పద్ధతిలోకి మారిపోయాయి కాబట్టి వాళ్లకు హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వరకు ఆడవాళ్లకు మేలే జరిగింది. కానీ దాని అర్థం ఏమిటి? ఒక ఆదివాసీ ఆడబిడ్డ వాటా కోసం కోర్టుకెక్కితే, "మేము మా వేల్పును వదిలేశాం, మా కర్మలు మానేశాం" అని సాక్ష్యం చెప్పుకోవాలి. ఆమె అన్నదమ్ములేమో "లేదు లేదు, మేము అసలైన ఆదివాసీలం" అని వాదిస్తారు. ఆడబిడ్డ హక్కు ఒక వైపు, తెగ ఉనికి ఇంకో వైపు నిలబడతాయి. ఏ తెగకైనా ఇంతకన్నా చెడ్డ బేరం ఉండదు.

ఇటీవలి మూడు తీర్పులు

2022 డిసెంబర్ 9న కమలా నేతి కేసు. ఒడిశాలో ప్రభుత్వం తీసుకున్న భూమికి వచ్చిన పరిహారంలో వాటా కావాలని ఒక గిరిజన మహిళ అడిగింది. హిందూ వారసత్వ చట్టం వర్తించదు కాబట్టి ఇవ్వలేమని కోర్టు తేల్చింది. కానీ ఊరుకోలేదు. గిరిజనేతర కూతురికి ఉన్న హక్కు గిరిజన కూతురికి లేకపోవడానికి కారణం కనిపించట్లేదని, చట్టాన్ని సవరించే విషయం పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. ఇది భూసేకరణ కేసు అని గమనించండి. ప్రాజెక్టుల కింద ఊళ్లకు ఊళ్లు పోయే మన ప్రాంతాల్లో చెక్కు ఎవరి పేరున వస్తుందన్నది చిన్న విషయం కాదు. భూమి ఉన్నప్పుడు అక్క కనీసం పుట్టింటికొచ్చి గింజలు పట్టుకెళ్లేది. డబ్బుగా మారి ఖర్చయ్యాక అదీ ఉండదు.

2025 జూలై 17న రామ్ చరణ్ కేసు. ఇది ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబానిది. ఒక గోండు మహిళ వారసులు ఆమె తండ్రి ఆస్తిలో ఆమెకు రావాల్సిన వాటా అడిగారు. కింది కోర్టులు, హైకోర్టు "కూతురికి వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు రుజువు చేయలేదు" అని కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే తిప్పింది. కూతురికి వాటా ఉందనే ఆచారం చూపించలేదు, నిజమే. మరి వాటా లేదనే ఆచారాన్ని ఎవరు చూపించారు? అదీ ఎవరూ చూపించలేదు. ఏదీ రుజువు కానప్పుడు లేదనే అనుకోవడం ఎందుకు? న్యాయం, సమానత, 14వ అధికరణం ప్రకారం సమాన వాటా ఇవ్వాల్సిందే అంది.

1868 నుంచి ఉన్న రుజువు మాటకు ఇక్కడ కొత్త బలం వచ్చింది. ఇన్నాళ్లూ బరువు ఆడబిడ్డ మీద ఉండేది. ఇకపై "మా ఆచారంలో లేదు" అనేవాళ్లు ఆ మాటను నిలబెట్టుకోవాలి. అందుకే మొదట్లో చెప్పాం, "ఆచారంలో లేదు, అంతే" అనే జవాబు ఇక సరిపోదని.

2025 అక్టోబర్‌లో మూడోది. హిమాచల్ హైకోర్టు 2015లో గిరిజన ప్రాంతాల కూతుళ్లకు హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి రావాలని ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని తీసేసింది. ఆ చట్టాన్ని మన మీదికి తేవాలంటే కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి, కోర్టు తేలేదు అంది.

మూడూ కలిపి చదివితే బొమ్మ స్పష్టం. హిందూ చట్టం మనది కాదు. ఆచారం మనదే, కానీ రుజువు చేసుకోవాలి. రుజువు లేనిచోట సమానత్వం వచ్చి కూర్చుంటుంది.

అసలు భయం గురించి

ఇప్పుడు అందరి మనసులో ఉన్న మాట మాట్లాడుకుందాం. "కూతురికి భూమి ఇస్తే బయటివాణ్ణి చేసుకుంటుంది, భూమి వాడి పాలవుతుంది." ఈ భయం ఊరికే పుట్టలేదు. ఏజెన్సీలో కొందరు గిరిజనేతరులు మన ఆడపిల్లల్ని పెళ్లి పేరుతోనో, పెళ్లి లేకుండానో దగ్గరికి తీసి వాళ్ల పేరు మీద భూములు పెట్టుకున్న సంగతి ఏ సంతలో అడిగినా చెప్తారు. దీన్ని దాచిపెట్టి సమానత్వం గురించి మాట్లాడితే ఊళ్లో ఎవరూ వినరు.

అయితే భూమిని కాపాడుతున్నది ఏమిటో చూద్దాం. 1917 నాటి ఏజెన్సీ చట్టం, దాని తర్వాత 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని 1963లో తెలంగాణకు విస్తరించడం, చివరికి 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి లేదా గిరిజనులే ఉన్న సహకార సంఘానికి తప్ప ఎవరికీ పోకూడదు, పోతే చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఈ గోడకు ఆడ మగ తేడా లేదు. కొడుకు చేతిలో ఉన్న భూమిని ఎలా కాపాడుతుందో కూతురి చేతిలో ఉన్నదాన్నీ అలాగే కాపాడుతుంది. 1/70 ఉన్నా మన భూములు పోయాయంటే, వాటిని తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చింది ఎక్కువగా పట్టా చేతిలో ఉన్న మగవాళ్లే. అప్పుకో, సారాకో, ఆసుపత్రి ఖర్చుకో ఇచ్చారు. ఆ రోజు కూతుళ్ల సంతకం కూడా అవసరమై ఉంటే ఇన్ని ఎకరాలు పోయేవా?

గోడలో సందు లేదని కాదు. 1/70లో బదలాయింపు అంటే అమ్మకం, తాకట్టు, కౌలు, దానం, మార్పిడి. వీలునామాను ఆ నిర్వచనంలోకి తీసుకోలేదు. అందుకే వారసత్వం పేరుతో భూమి గిరిజనేతర భర్తకు చేరుతుందేమో అనే ప్రశ్న న్యాయమైనదే. కానీ అదే సందు గిరిజనేతర భార్యను చేసుకున్న కొడుకు విషయంలోనూ ఉంది. అతన్ని ఎవరూ ఆస్తి నుంచి తీసేయట్లేదు.

ఆ సందు పూడ్చడానికి దారులున్నాయి. హిందూ వారసత్వ చట్టంలోనే సెక్షన్ 15 ప్రకారం తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఉన్న స్త్రీ పిల్లలు లేకుండా చనిపోతే ఆ ఆస్తి భర్తకు పోదు, తిరిగి తండ్రి వారసులకే వస్తుంది. రామస్వామి గారు చెప్పిన "ముందు అన్నదమ్ములకే" అన్న షరతు ఉంది. ఇలాంటివి మన ఆచారంలోకి మనమే రాసుకోవచ్చు. ఆడబిడ్డ వాటా ఆమెదే, ఆమె తర్వాత తెగలో పెరిగిన ఆమె పిల్లలది, వాళ్లు లేకపోతే తిరిగి పుట్టింటి గోత్రానిది అని. ఇది కొడుక్కీ వర్తించాలి. భూమి తెగలోనే ఉంటుంది, ఆడబిడ్డా భూమిలో ఉంటుంది.

పోడు పట్టాలో ఇప్పటికే ఉన్న దారి

ఇదంతా ఊహ అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4లో ఇలాంటిదే రాశారు. పోడు హక్కు పత్రం పెళ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. ఒంటరి ఇంటిపెద్ద అయితే ఆమె పేరు మీదే ఇవ్వాలి. ఆ భూమి అమ్మడానికి, బదిలీకి వీల్లేదు, వారసత్వంగా మాత్రం వస్తుంది. నేరు వారసులు లేకపోతే దగ్గరి బంధువులకు. అమ్మకం ఆపడానికి ఆడవాళ్ల పేరు తీసేయనక్కర్లేదని ఈ చట్టమే చూపించింది. మీ ఇంట్లో హక్కు పత్రం ఉంటే ఒకసారి తీసి చూడండి, అమ్మ పేరు ఉందా లేదా.

మనం చేయాల్సింది

1996 పెసా చట్టం ప్రతి గ్రామసభకూ తన ఆచారాలను, సంప్రదాయాలను, తగువులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. కాపాడుకోవడం అంటే గాజు బీరువాలో పెట్టడం కాదు. పటేల్, కులపెద్దలు, తండా నాయక్, రాయ్ సెంటర్ పెద్దలు కూర్చుని తరతరాలుగా మార్చుకుంటూ వచ్చిందే ఆచారం. సాక్ష్య చట్టంలో కూడా ఆచారం తెలిసిన ఊరి పెద్దల అభిప్రాయానికి చోటుంది. కాబట్టి సెలవులకు ఊరెళ్లినప్పుడు కొన్ని పనులు చేయగలం.

ఒకటి, పెద్దవాళ్లను, ముఖ్యంగా ముసలమ్మలను అడిగి రాసుకోవడం. ఇల్లరికం వచ్చిన ఇళ్లు ఏవి, భర్త పోయినామె ఏ భూమి చేసుకుంది, కూతురికి మాగాణి ముక్కో, చెట్టో, ఆవో ఇచ్చిన సందర్భాలు ఏవి. పేరు, ఊరు, ఎవరి కాలం అన్నది రాస్తే అది రేపు సాక్ష్యం. రెండు, తండ్రి చనిపోయాక విరాసత్ చేయించేటప్పుడు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అమ్మ, అక్కచెల్లెళ్ల పేర్లు అన్నీ ఉన్నాయో లేదో చూడటం. "వాళ్లకు పెళ్లిళ్లు అయిపోయాయి" అని పేరు వదిలేయకూడదు. వాళ్లు ఇష్టపడి వదులుకుంటే అది వాళ్ల మాట, వాళ్ల సంతకం. మూడు, గ్రామసభలో ఈ విషయం తీర్మానంగా పెట్టించడం, ఆ సభలో ఆడవాళ్లు వెనక వరుసలో కాకుండా మాట్లాడే చోట కూర్చునేలా చూడటం.

ఇంకో కారణం కూడా ఉంది. ఉమ్మడి పౌరస్మృతి చర్చ దేశంలో నడుస్తోంది. ఉత్తరాఖండ్ 2024లో చట్టం చేసి షెడ్యూల్డ్ తెగలను బయట ఉంచింది. మళ్లీ అదే గడప, మళ్లీ మనం బయట. మన ఆచారం మనకు ఉండాలని మనం గట్టిగా అడుగుతాం, అడగాలి. కానీ "మీ ఆచారంలో మీ ఆడబిడ్డకు ఏముంది?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మన దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు మనం రాసుకోకపోతే వేరేవాళ్లు రాసిపెడతారు. కోర్టు రాస్తుంది, లేదా ఢిల్లీ రాస్తుంది. రెండింటిలోనూ మన పెద్దల గొంతు ఉండదు.

జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తున్నాం. ఆ జమీన్ మీద నడుం వంచి నాటు వేసేవాళ్లలో సగం కన్నా ఎక్కువమంది మన అమ్మలు, అక్కలే. వాళ్ల పేరు పహాణీలో లేకుండా ఆ నినాదం పూర్తి కాదు.

మీ తెగలో, మీ ఊళ్లో ఆడబిడ్డకు భూమి ఇచ్చిన పాత పద్ధతి ఏదైనా ఉంటే కింద రాయండి. పేర్లు వద్దు, పద్ధతి చాలు. అన్నీ ఒకచోట చేర్చి మళ్లీ పెడతాం.

జై ఆదివాసీ. జోహార్.